లైనక్సునందు ఫ్లాట్‌బెడ్ స్కానరు: దోషనిర్ణయక్రమ చరిత్రము

ప్రాఁతపుస్తకముల పుటలను బింబరూపమున భద్రపఱచుటకు నేఁడు వాడుకలోనున్న సాధనములలో ఫ్లాట్‌బెడ్ స్కానరు మిక్కిలి సామాన్యమైనది. అద్దపు పలకపైఁ బుటను బోర్లించి మూఁత వేసినచో, దీపమును గ్రాహకమును మోయు బండి యద్దము క్రింద నీకొననుండి యాకొనకు నడచి, పుటను వరుస వరుసగాఁ జదివి కంప్యూటరున కందించును. పని యింత సులభముగాఁ గనఁబడినను, లైనక్సు అను నిర్వాహక వ్యవస్థ గల కంప్యూటరునకుఁ దగిలించినప్పుడు ఈ యంత్రము పలుమాఱు మూగవోవుట కలదు. దీపము వెలుఁగును, బండి కదలదు. లేదా స్కానరేదియుఁ గానరాలేదను ప్రత్యుత్తరము తెరపై వచ్చును. అట్టి యంత్రమును జెడినదని మూలఁబడవేయుట లోకాచారము.

ఆ తీర్పు చాలవఱకు నిలువదు. యంత్రము చెడుట వేఱు, యంత్రముతో మాటలాడు భాష తెలియకుండుట వేఱు. అశోకుని శాసనములు పెక్కు శతాబ్దములు చదువువారు లేక నిలిచియుండెను. అందు రాతి దోష మేమియు లేదు, లిపి నెఱిఁగినవారు లేకపోవుటయే దోషము. స్కానరు విషయమునను దఱచుగా నిట్లే జరుగుచున్నది. లైనక్సునందు స్కానరు దోషమును శోధించు క్రమము ఒకరి యూహవలన నొక్కనాఁడు పుట్టినది కాదు. ఆ విద్య పెరిగిన చరిత్రలో నొక్కొక్క ఘట్టము ఒక్కొక్క పరీక్షగా నిలిచినది. ఆ చరిత్రమును, దానినుండి తేలు క్రమమును ఇందు విచారింపఁబడుచున్నవి.

1. గ్రాహకము పుట్టుక

బింబమును గీఁతలుగాఁ జీల్చి దూరమునకుఁ బంపవలెనను ఊహ కంప్యూటరుకంటెఁ బూర్వపుది. స్కాట్లండు దేశీయుఁడైన అలెగ్జాండర్ బెయిన్ 1843లో విద్యుత్తంతిమూలమున బింబములను బంపు సాధనమునకుఁ బేటెంటు పొందెను. అయినను ఆ బింబము కాగితమునుండి కాగితమునకే పోవునది. బింబమును సంఖ్యలుగా మార్చి కంప్యూటరు స్మృతియందు నిలిపిన కీర్తి రస్సెల్ కిర్ష్‌కుఁ జెందును. అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థయందు 1957లో అతఁడును సహచరులును సీక్ అను కంప్యూటరునకు, డోలువలెఁ దిరుగు స్కానరు నొకదానిని గూర్చి, మూఁడు నెలల ప్రాయముగల తన కుమారుని ఛాయాచిత్రమును జదివించిరి. ఆ బింబమున 176 వరుసలు, వరుసకు 176 బిందువులు, మొత్తము 30,976 బిందువులు మాత్రమే యుండెను. ప్రతి బిందువును నలుపో తెలుపో కావలసినదే. నడిమి ఛాయ లేదు. ఈ కొఱతను దీర్చుటకు వారు నలుపు తెలుపుల మేరను మార్చి మార్చి యొకే చిత్రమును బలుమాఱులు చదివించి, ఆ ఫలితములను గలిపి బూడిదఛాయలను సాధించిరి. ఈ సంగతి బింబదోషములను జెప్పునప్పుడు మరల నక్కఱకు వచ్చును.

డోలుపై చుట్టవలసిన యంత్రమునకుఁ బుస్తకము పనికిరాదు. పుస్తకమును అద్దముపై బోర్లించి చదువుటకు, ఒక్కసారి యొక్క వరుసనంతయుఁ జూడఁగల గ్రాహకము కావలసివచ్చెను. 1969లో బెల్ ప్రయోగశాలలయందు విల్లార్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ అనువారలు సి.సి.డి. అను కాంతిగ్రాహకమును గల్పించిరి. అందులకు 2009లో వారికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమున భాగము లభించెను. 1976లో రేమండ్ కుర్జ్‌వైల్ అంధులకొఱకుఁ బ్రకటించిన పఠనయంత్రమున నిట్టి గ్రాహకము గల ఫ్లాట్‌బెడ్ స్కానరు చేర్పఁబడెను. 1987లో హ్యూలెట్ పాకార్డు సంస్థ స్కాన్‌జెట్ యంత్రమును వెలువరించిన పిదప ఈ సాధనము క్రమముగాఁ గార్యాలయపు బల్లమీఁదికి వచ్చెను.

2. మార్గములు, సంకేతములు

ఏ4 కాగితమును అంగుళమునకు 300 బిందువుల చొప్పునఁ జదివినచో, వెడల్పున 2,480, పొడవున 3,508, అనఁగా సుమారు 87 లక్షల బిందువులు వచ్చును. రంగులతోనైనచో అది 2 కోట్ల 60 లక్షల బైట్లగును. ఇంత రాశి కంప్యూటరున కందుటకు మార్గ మొకటి కావలెను. ఆ మార్గమున యంత్రమునకు నాజ్ఞలిచ్చుటకు సంకేతములు కావలెను. మార్గము వేఱు, సంకేతము వేఱు అను భేదము స్కానరు దోషనిర్ణయమునకు మూలసూత్రము.

తొలినాళ్లలో మంచి స్కానరులు స్కజీ అను మార్గమునఁ దగిలింపఁబడెడివి. ఆ మార్గపు రెండవ ప్రమాణగ్రంథమున స్కానరులకుఁ బ్రత్యేకమైన తరగతియు, సామాన్యమైన యాజ్ఞలును నిర్దేశింపఁబడి యుండెను. కొంద ఱుత్పత్తిదారులు తమ యాజ్ఞాభాషలను సైతము వెల్లడించిరి. హ్యూలెట్ పాకార్డువారి ఎస్.సి.ఎల్., ఎప్సన్‌వారి ఈ.ఎస్.సి./ఐ. అట్టివి. పిదప చౌకయంత్రములు ముద్రకయంత్రమునకై యేర్పడిన సమాంతరమార్గమున వచ్చెను. ఆ మార్గము స్కానరుకొఱకుఁ బుట్టినది కానందున నొక్కొక్క సంస్థ యొక్కొక్క యుపాయమును బన్నెను.

1996లో యు.ఎస్.బి. ప్రమాణము వెలువడెను. దానివలనఁ దగిలించుట మిక్కిలి సులభమయ్యెను. కాని స్కానరులెల్ల నొకే భాష మాటలాడవలెనను నియమ మాచరణలోనికి రాలేదు. పెక్కు స్కానరులు స్వసంస్థాభాషనే వాడుచు వచ్చెను. కావున యు.ఎస్.బి. మార్గమునఁ దగిలించిన స్కానరునుగూర్చి కంప్యూటరు తనంతఁ దా నెఱుఁగఁగలది ముఖ్యముగా రెండు సంఖ్యలు మాత్రమే: ఒకటి చేసిన సంస్థ సంఖ్య, రెండవది వస్తువు సంఖ్య. వచ్చినవాని పేరు తెలియును. వాని భాష తెలియదు.

3. సేన్ వ్యవస్థ

ఆ భాషను దెలిపెడి యుపకరణమును ఉత్పత్తిదారులు విండోసు, మకింటోషు కంప్యూటరులకు మాత్రమే పళ్లెముపైఁ బెట్టి యిచ్చుచుండిరి. వానియందు 1992లో ట్వెయిన్ అను ప్రమాణ మేర్పడెను. ఈ పేరు రడ్యార్డ్ కిప్లింగ్ రచించిన తూర్పు పడమరల గీతమునుండి గ్రహింపఁబడినది. స్కానరును గంప్యూటరును గలపుట యప్పటికెంత కష్టమో యది సూచించును. ట్వెయిన్ పద్ధతియందు యంత్రమును నడుపు భాగమును, తెరపైఁ గనఁబడు మీటల భాగమును నుత్పత్తిదారుఁ డొక్కటిగానే యల్లి యిచ్చును. ఆ యల్లిక నాతఁడే విప్పవలెను. అన్యులకు సాధ్యము గాదు.

1991లో హెల్సింకి నగరమున లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్సున కిట్టి యుపకరణము లేవియు రాలేదు. తొలుత నొక్కొక్క స్కానరున కొక్కొక్కరు విడివిడిగాఁ బ్రోగ్రాములు వ్రాసికొనిరి. ఈ యరాజకమును మాన్పుటకై ఆ దశాబ్దపు రెండవ యర్ధమున డేవిడ్ మాస్‌బర్గర్, ఆండ్రియాస్ బెక్ మొదలగువారు సేన్ వ్యవస్థను నిర్మించిరి. స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ అను మాటల మొదటి యక్షరములే ఈ పేరు. స్కానరు నందుకొనుట యిఁక సులభమని భావము.

సేన్ వ్యవస్థకు జీవము విభాగమునందున్నది. యంత్రముతో మాటలాడునది బ్యాకెండు. మనుష్యునితో మాటలాడునది ఫ్రంటెండు. ఈ రెంటినడుమఁ గొలఁది వాక్యములతోఁ గూడిన యొక వ్యాకరణము మాత్రమే కలదు: స్కానరుల పట్టిక నిమ్ము, దీనిని దెఱువుము, ఈ గుణమును మార్పుము, చదువ నారంభింపుము, చదివినది యిమ్ము, మూయుము. ప్రతి బ్యాకెండును తన స్కానరునకుఁ గల గుణములను, వాని పేరులను, విలువల మేరలను దానే వర్ణించి చెప్పును. ఆ వర్ణనమును బట్టి ఫ్రంటెండు తన మీటలను గల్పించుకొనును. కావుననే ఆలివర్ రౌఖ్ రచించిన ఎక్స్‌సేన్, రాబర్ట్ అన్సెల్ రచించిన సింపుల్ స్కాన్, తెర యక్కఱలేని స్కాన్‌ఇమేజ్ అను మూఁడును ఒకే బ్యాకెండుతోఁ బని చేయఁగలవు. ఒక గదిలోని స్కానరును మఱియొక గదిలోని కంప్యూటరు వాడుకొనుటయు, సేన్‌డీ అను సేవకునిమూలమున, ఈ విభాగమువలననే సిద్ధించెను.

దోషనిర్ణయమునకును ఇదియే ముఖ్యాధారము. ఒక ఫ్రంటెండున స్కానరు పలుకక మఱియొకదానఁ బలికినచో దోషము మీటలయందున్నది. దేనియందును బలుకకున్నచో దానికిఁ గ్రింది యంతరువులలో వెదకవలెను.

4. భాషాశోధనము

భాషను వెల్లడింపని యంత్రములకు బ్యాకెండులు వ్రాసినవారి కృషి లిపిశోధకుల కృషికిఁ దీసిపోదు. సాంచీ స్తూపపు ప్రాకారముపై నున్న చిన్నశాసనము లనేకము లొకే యక్షరద్వయముతో ముగియుటఁ జూచి, అవి దానశాసనములై యుండవలెననియు, ఆ పదము దానమని యుండవలెననియు జేమ్స్ ప్రిన్సెప్ 1837లో నూహించి బ్రాహ్మీలిపికిఁ ద్రోవ తెఱచెను. బ్యాకెండు రచయితలును ఇట్లే చేసిరి. ఉత్పత్తిదారుని యుపకరణమును విండోసునందు నడపుచు, తీఁగెమీఁదఁ బోవు సంఖ్యలనన్నింటిని నమోదు చేసిరి. ఒకసారి అంగుళమునకు 300 బిందువులని, మఱియొకసారి 600 బిందువులని కోరి, రెండు నమోదులలోఁ దేడా యెచ్చటనున్నదో చూచిరి. ఆ తేడాయే ఆ పదమునకు నర్థము.

ఈ శోధనలో బయలుపడిన ముఖ్యవిషయ మొకటి కలదు. మూఁతపై నున్న పేరు యంత్రపు వంశమును దెలుపదు. లోని చిప్పు తెలుపును. ఎప్సన్ పర్ఫెక్షన్ అను నొకే యింటిపేరు గల మూఁడు స్కానరులను గైకొన్నచో, 1650 సంఖ్య గలది ఎప్సన్ బ్యాకెండుతోను, 1260 సంఖ్య గలది ప్లస్‌టెక్ బ్యాకెండుతోను, 1670 సంఖ్య గలది స్నాప్‌స్కాన్ బ్యాకెండుతోను బలుకును. మఱియొకవైపున కానన్ లైడ్ 20, హెచ్.పి. స్కాన్‌జెట్ 2200సి అనునవి వేఱు సంస్థల పేర్లతో నున్నను, ఎప్సన్ 1260తోఁ గూడ నొకే ప్లస్‌టెక్ బ్యాకెండునకు లోఁబడును. వానిలోని చిప్పులు నేషనల్ సెమికండక్టర్ సంస్థవారి యొకే కుటుంబమునకుఁ జేరినవి. వేఱు వేఱు ప్రాంతములఁ బలుకఁబడు మాటలలో ధాతువును గుర్తించి సోదరభాషలను నిర్ణయించు పద్ధతి యిచ్చటను జెల్లుచున్నది. ఎప్సన్ యంత్రమునకు ఎప్సన్ బ్యాకెండే యని నమ్మి ప్రొద్దు పుచ్చుకొనుట సామాన్యముగాఁ గనఁబడు పొరపాటు.

5. అనుజ్ఞ, ఫర్ములేఖ

లైనక్సు కెర్నెలునందు యు.ఎస్.బి. స్కానరుల కొఱకు మొదట నొక ప్రత్యేకభాగముండెను. 2.6 శ్రేణి కాలమున నది తొలఁగింపఁబడి, యా పని లిబ్‌యుఎస్‌బి అను సామాన్య గ్రంథాలయమునకు విడువఁబడెను. మార్పు సమంజసమైనదే, కాని దానివలన నొక క్రొత్త చిక్కు పుట్టెను. యు.ఎస్.బి. వస్తువులను నేరుగాఁ దాఁకుట కధికారము వ్యవస్థాధిపతియగు రూటునకు మాత్రమే యుండుటచేత, ఆ యధిపతిగాఁ బ్రవేశించినప్పుడు పలికిన స్కానరు సామాన్యునికిఁ బలుకకపోయెను. యూడెవ్ అను భాగమునకు నియమములు వ్రాసి, స్కానరును గుర్తించినతోడనే తగినవారికి ననుజ్ఞ నిచ్చు నేర్పాటు తరువాత స్థిరపడెను. నేఁటి లైనక్సు సంపుటములలో నీ నియమములు సామాన్యముగాఁ దోడనే వచ్చును. అయినను జేతితో స్థాపించిన బ్యాకెండులకు నియమము లోపించుట యిప్పటికిని గలదు.

మఱియొక చిక్కు ఫర్మువేరునకు సంబంధించినది. ఫర్ములేఖ యనఁగా నీ ఫర్మువేరును దాఁచిన ఫైలు. కొన్ని చౌకస్కానరులు తమ బుద్ధిని దమలో శాశ్వతముగా నుంచుకొనవు. విద్యుత్తు వచ్చినప్పుడెల్లఁ గంప్యూటరే యా బుద్ధిని వానిలోనికిఁ బంపవలెను. విద్యుత్తు పోయినచో మఱచును. స్నాప్‌స్కాన్, జి.టి. 68ఎక్స్‌ఎక్స్ అను బ్యాకెండులకు లోనగు స్కానరు లనేకము లిట్టివి. ఈ ఫర్ములేఖపై స్వామ్యము ఉత్పత్తిదారునిది. కావున దానిని సేన్‌వారు తమ సంపుటమునఁ బంచిపెట్టఁజాలరు. యంత్రముతో వచ్చిన పళ్లెమునుండి దానిని వెలికిఁదీసి, బ్యాకెండు వెదకు స్థానమున నుంచుట వాడుకరి పని. ఆ పళ్లెము పోయినచో నద్దము, దీపము, బండి యన్నియు బాగుగనే యుండియు యంత్రము నిరుపయోగమగు నపాయము కలదు. ప్రాఁతస్కానరునకుఁ బళ్లెమును భద్రపఱచుట యద్దమును భద్రపఱచుటవంటిదే.

6. దోషనిర్ణయ క్రమము

పై చరిత్రమునుండి క్రమము తానే తేలుచున్నది. క్రిందినుండి మీఁది కెక్కుచు, ఒక్కొక్క మెట్టును బరీక్షించి, దృఢమైన పిదపనే పైమెట్టునకుఁ బోవలెను.

మొదటి మెట్టు దేహము. పెక్కు స్కానరులలోఁ బ్రయాణకాలమున బండి కదలకుండ బిగించు గొళ్లెముండును. దానిని విడువకయే విద్యుత్తు నిచ్చినచో బండి కదలలేక గరగర ధ్వని చేయును. రెండవది మార్గము. ఎల్‌ఎస్‌యుఎస్‌బి అను నాజ్ఞ నిచ్చినచో సంస్థసంఖ్యయు వస్తుసంఖ్యయుఁ గనఁబడవలెను. కనఁబడనిచో దోషము తీఁగెయందో రంధ్రమునందో విద్యుత్తునందో కలదు గాని సేన్‌నందు లేదు. ఒకసారి చదివి రెండవసారి చదువక, తీఁగెను విప్పి తగిలించినఁ గాని పలుకని రోగము యు.ఎస్.బి. మూఁడవ తరపు రంధ్రములతోఁ గొన్ని స్కానరులకుఁ గలదు. వేఱు రంధ్రమునకు మార్చుటయో, సేన్_యుఎస్‌బి_వర్క్‌ఎరౌండ్ అను చరరాశికి 1 విలువ నిచ్చుటయో దానికి మందు.

మూఁడవ మెట్టు సేన్-ఫైండ్-స్కానర్ అను నాజ్ఞ. ఇది బ్యాకెండుల యూసెత్తక, స్కానరు వంటి వస్తువు మార్గమున నున్నదా లేదా యని మాత్రమే చూచును. దీనికిఁ గానవచ్చి, స్కాన్‌ఇమేజ్‌నకుఁ బట్టిక కోరు గుర్తునిచ్చి యడిగినప్పుడు కానరానిచో, దోషము నడుమనున్న రెండంతరువులలో నున్నదని నిశ్చయింపవచ్చును: అనుజ్ఞయో, బ్యాకెండో. అధిపతిగాఁ బ్రవేశించి మరల స్కాన్‌ఇమేజ్‌ను అడుగుటయే నాలుగవ మెట్టు. అప్పుడు పలికినచో ననుజ్ఞాలోపము. అప్పుడును బలుకకున్నచో బ్యాకెండు లోపము. అధిపతి ప్రవేశము పరీక్షకు మాత్రమే గాని నిత్యకృత్యమునకుఁ గాదు. దానినే చికిత్సగాఁ గొనుట రోగమును గప్పిపెట్టుట యగును.

ఐదవది బ్యాకెండు. ఏ బ్యాకెండులను బిలువవలెనో డి.ఎల్.ఎల్. అను పట్టికలో వ్రాయఁబడియుండును. పంక్తికి మొదట # గుర్తున్నచో నా బ్యాకెండు పిలువఁబడదు. ఏ యంత్రమున కేది తగునో, ఆ పొందిక పూర్ణమో, మంచిదో, కనీసమో, అసలే లేదో, సేన్‌వారు ప్రకటించిన స్కానరుల పట్టిక చెప్పును. ఆఱవది ఫర్ములేఖ. బ్యాకెండు యంత్రమును గుర్తించియుఁ దెఱువఁజాలకున్నచో లేఖ పేరును, స్థానమును జూడవలెను. ఇంతతో నిర్ణయము కాకున్నచో సేన్_డీబగ్ అను పదముతో మొదలై బ్యాకెండు పేరుతో ముగియు చరరాశికి సంఖ్య నిచ్చినచో, బ్యాకెండు తన ప్రతి చర్యను దెరపై వ్రాయును. ఎచ్చట మాట తెగినదో యా వ్రాఁతయే సాక్ష్యము చెప్పును.

7. బింబదోషములు

స్కానరు పలికినంతమాత్రమున పని ముగియదు. పుటపై లేని నిలువుగీఁత బండి నడక దిక్కున బింబమంతటఁ గనఁబడినచో, ఆ మాలిన్యము పుటయందుఁ గాక, అద్దపు కొనక్రింద నున్న తెల్లని యంశశోధనపట్టిపై నుండుట సంభవము. యంత్రము ప్రతిసారి యా పట్టిని జూచి తెలుపును నిర్ణయించుకొనును. అందొక ధూళికణమున్నచో నా యొక్క గ్రాహకబిందువు పుట పొడవునఁ దప్పు చెప్పును.

కుట్టుదగ్గఱ నక్షరములు మసకబాఱుట మఱియొకటి. పలుచని స్కానరులలో నుండు సి.ఐ.ఎస్. గ్రాహకము అద్దమునకు మిక్కిలి చేరువనున్న వస్తువును మాత్రమే స్పష్టముగాఁ జూచును. పుట రవంత లేచినను మసక గమ్మును. అద్దములు కటకములు గల సి.సి.డి. స్కానరులకు లోఁతుచూపు హెచ్చు. కావున కుట్టువిప్పరాని గ్రంథములకుఁ బ్రాఁతదియు బరువైనదియునగు స్కానరే మేలగుట కలదు.

అన్నింటికంటెఁ గీడైనది కనఁబడని దోషము. సేన్‌నందు లైనార్ట్ అను రీతిని గోరినచో, కిర్ష్ తొలియంత్రమువలెనే ప్రతి బిందువును నలుపో తెలుపో యగును. మేర యెక్కువతక్కువలైనచో ప్రాఁత తెలుఁగు ముద్రణములలో అరసున్నలు మాయమగును; ఒత్తులు తెగును; పసుపువాఱిన కాగితపు మచ్చలు బిందువులై పూర్ణానుస్వారమను భ్రాంతిని గొల్పును. పరిష్కర్తకు నట్టి ప్రతి పాఠభేదములను బుట్టించును గాని పాఠమును నిలుపదు. కిర్ష్ సహచరులు బూడిదఛాయలకై పడిన శ్రమకుఁ గారణ మిదియే. గ్రంథరక్షణకు బూడిదఛాయనో రంగునో కోరి, అంగుళమునకు 300 బిందువులకుఁ దక్కువ కాకుండఁ జదివించి, నలుపు తెలుపు ప్రతిని తరువాతఁ దీసికొనుట యుచితము.

8. ఉపసంహారము

ఇటీవలి కాలమున యంత్రములే యొక సామాన్యభాషను మాటలాడు మార్పు వచ్చినది. ఇ.ఎస్.సి.ఎల్. అను సంకేతము నెఱిఁగిన క్రొత్త స్కానరులకుఁ బ్రత్యేకమైన బ్యాకెండు లక్కఱలేదు. అలెగ్జాండర్ పెవ్జ్‌నర్ రచించిన సేన్-ఎయిర్‌స్కాన్ వంటి యొక్కటి చాలును. ఇది భావికాలపు చిక్కును దీర్చును గాని, యిదివఱకే బల్లలక్రింద నున్న యంత్రములకు సాయపడదు.

ఆ యంత్రముల యాయుర్దాయము భాష ప్రకటితమగుటపై నాధారపడి యున్నది. ఉత్పత్తిదారుఁడు మూలమును దాఁచి యిచ్చిన యుపకరణము, కంప్యూటరు ప్రాసెసరు మాఱినను వ్యవస్థ తరము మాఱినను మరల సవరింప శక్యము గాక పోవును. 32 బిట్ల కాలపు విండోసు ఉపకరణములు 64 బిట్ల విండోసునందుఁ బనిచేయకపోవుటవలన నద్దము పగులని స్కానరులనేకము మూలఁబడెను. మూలము ప్రకటితమైన బ్యాకెండు అట్లు గాదు. ప్రాసెసరు మాఱినచో మరలఁ గూర్చుకొనవచ్చును. తాను పుట్టిన వ్యవస్థయందు మూగవోయిన స్కానరు లైనక్సునందుఁ బలుకుటకుఁ గారణ మిదియే.

కావున స్కానరును మూలఁబడవేయుటకు ముందుగా దేహము, మార్గము, అనుజ్ఞ, బ్యాకెండు, ఫర్ములేఖ అను నైదింటిని వరుసగాఁ బరీక్షింపవలెను. క్రొత్తదానిని గొనువారు మూఁతపై పేరును గాక సేన్‌వారి పట్టికను జూచి కొనవలెను. గ్రంథాలయములందును పాఠశాలలందును శిథిలమగుచున్న పుటలు వేచియుండవు; చదువఁగల యంత్రమును జెడినదని పాఱవేసిన దినమున నష్టపడునవి యంత్రముకంటె ముందుగా నా పుటలే.